పాత లైబ్రరీ క్యాటలాగును పీహెచ్‌పీ 8కి మార్చిన డైరీ: మైఎస్‌క్యూఎల్ నుంచి ఎస్‌క్యూలైట్‌కి

ఇలాంటి పాత సైటు చేతికి వచ్చినవాళ్లు నేను పడిన గుంటల్లో పడకూడదని రాస్తున్నాను. సైటు మా ఊరి చిన్న గ్రంథాలయానిది. 2010 ప్రాంతంలో ఎవరో పుణ్యాత్ముడు వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీ 5లో, మైఎస్‌క్యూఎల్ డేటాబేసుతో రాసి పెట్టాడు. హోస్టింగ్ వాళ్లు పాత వెర్షన్ తీసేస్తున్నామని మెయిల్ పెట్టారు. లైబ్రరీ చూసుకునే మాస్టారు ఆ మెయిల్ నాకు పంపారు. రోజుకు గంటా రెండు గంటల చొప్పున పని చేశాను, గంటల లెక్క ప్రతి దశ చివరా ఉంది.

దశ 1: ఉన్నదేమిటో లెక్కపెట్టడం

- ఫైళ్లు: 31
- మైఎస్‌క్యూఎల్ అనే మాటతో మొదలయ్యే పాత ఫంక్షన్ పిలుపులు: 214
- పుస్తకాల పట్టికలో వరసలు: 6,412
- సభ్యులు: 731
- ఇచ్చిపుచ్చుకున్న లెక్క: 18,940 వరసలు

ఆ 214 పిలుపుల్లో ఒక్కటి కూడా కొత్త పీహెచ్‌పీలో నడవదు. పాత మైఎస్‌క్యూఎల్ ఎక్స్‌టెన్షన్‌ను 5.5లోనే (2013) వాడొద్దని చెప్పారు, 7.0లో (2015 చివర) పూర్తిగా తీసేశారు. మిగిలిన దారులు రెండు: మైఎస్‌క్యూఎల్ఐ, లేదా పీడీఓ (ఏ డేటాబేసుతోనైనా ఒకే తీరులో మాట్లాడే పీహెచ్‌పీ పద్ధతి). పేర్లలో మైఎస్‌క్యూఎల్ అన్న మాట చివర ఒక 'ఐ' తగిలించుకుంటూ పోతే మొదటి దారిలో పని తొందరగా అవుతుంది. కానీ ఆరున్నర వేల పుస్తకాలకు విడిగా డేటాబేస్ సర్వరు, దానికో పాస్‌వర్డు, దానికి నెలనెలా డబ్బులు ఎందుకనిపించింది. కౌంటరు దగ్గర ఇద్దరు రాస్తారు, ఇంటి నుంచి చూసేవాళ్లు రోజుకు ఓ పాతికమంది. ఎస్‌క్యూలైట్ అయితే సర్వరు అక్కర్లేదు, డేటాబేసంతా ఒక్క ఫైలు. పీహెచ్‌పీ 5.0తో (2004) దానికి మద్దతు భాషతో పాటే వచ్చింది, 5.1 నుంచి పీడీఓ ఉంది. అందుకని ఎస్‌క్యూలైట్, పీడీఓ అని తేల్చుకున్నాను.

ఇప్పటివరకు: 3 గంటలు.

దశ 2: 'భాషలోనే ఉంది' అన్నది

నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04, పీహెచ్‌పీ 8.3. మొదటి పేజీకే డ్రైవరు దొరకలేదన్న ఎర్రరు వచ్చింది. ఉబుంటు, డెబియన్‌లలో ఎస్‌క్యూలైట్ డ్రైవరు విడి ప్యాకేజీగా వస్తుంది, వేసుకోవాలి. అది అయిదు నిమిషాల పని.

దీనికన్నా పెద్ద సంగతి నాకు తర్వాత తెలిసింది. 7.4 నుంచి పీహెచ్‌పీ తనతో పాటు ఎస్‌క్యూలైట్ లైబ్రరీని మోసుకురావడం మానేసింది, సిస్టమ్‌లో ఏది ఉంటే దాన్నే వాడుకుంటుంది. నా దగ్గర 3.45, హోస్టింగ్ సర్వరులో 3.34. రెండు చోట్లా పీహెచ్‌పీ 8.3 అనే రాసి ఉంటుంది. నేను ఇక్కడ హాయిగా వాడుకున్న కాన్‌క్యాట్ ఫంక్షను అక్కడ లేదు, అది 3.44లో వచ్చింది. రెండు నిలువు గీతల గుర్తుతో మాటలు అతికించే పద్ధతికి వెనక్కి వెళ్లాను.

1. ముందుగా రెండు చోట్లా ఎస్‌క్యూలైట్ వెర్షన్ ఏమిటో క్వెరీతోనే అడగండి.
2. తక్కువ వెర్షన్ ఏదో దాన్నే మీ వెర్షన్ అనుకుని రాయండి.

ఇప్పటివరకు: 5.5 గంటలు.

దశ 3: అక్షరాలు

పాత సైటులో తెలుగు చక్కగా కనిపిస్తుంది. డేటాబేసును నేరుగా చూపించే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో చూస్తే మాత్రం ప్రతి అక్షరానికీ నెత్తిన గీత ఉన్న ఇంగ్లిషు 'ఎ', పక్కన డిగ్రీ గుర్తు, ఇంకేదో. కారణం తెలిసిందే. పట్టికలు లాటిన్1లో ఉన్నాయి, పేజీ యూటీఎఫ్-8లో ఉంది (అక్షరాలను బైట్లుగా రాసే రెండు వేరువేరు పద్ధతులు ఇవి). పాత కోడు కనెక్షనుకు ఏ అక్షరమాలో చెప్పనే లేదు. దాంతో తెలుగు బైట్లు లాటిన్ అక్షరాల వేషంలో లోపలికి వెళ్లి, అదే వేషంలో బయటికి వస్తున్నాయి. పద్నాలుగేళ్లు అలాగే నడిచింది.

నా మొదటి తప్పు ఇక్కడే. పీహెచ్‌పీమైఅడ్మిన్ నుంచి ఎగుమతి చేసి, ఐకాన్వ్ అనే అక్షర మార్పిడి కమాండుతో విండోస్-1252కి (మైఎస్‌క్యూఎల్ లాటిన్1 దాదాపు అదే) తిప్పితే అసలు బైట్లు వస్తాయనుకున్నాను. మధ్యలో ఎర్రరుతో ఆగిపోయింది. అప్పటికి రాత్రి పదకొండున్నర. ఇమడని అక్షరాలను వదిలేసి ముందుకు పొమ్మనే 'సీ' ఆప్షను తగిలించాను. పూర్తయింది. అక్కడక్కడా ప్రశ్నార్థకాల డైమండ్లు మిగిలితే, యూటీఎఫ్-8 నుంచి యూటీఎఫ్-8కే మళ్లీ అదే ఆప్షనుతో తిప్పి వాటినీ ఊడ్చేశాను.

పొద్దున్న మాస్టారికి చూపించాను. "ఇదేం భాషయ్యా?" అన్నారు. తెర మీద 'పుస్తకం' ఉండాల్సిన చోట 'పసతకం' ఉంది. పట్టికలో కొమ్ములూ లేవు, పొల్లులూ లేవు.

ఎందుకో కనుక్కోవడానికి సాయంత్రమంతా పట్టింది. విండోస్-1252లో అయిదు బైట్లకు ఏ అక్షరమూ లేదు. పదహారు మూలంగా రాసే హెక్సాడెసిమల్ లెక్కలో అవి 81, 8డి, 8ఎఫ్, 90, 9డి. తెలుగులో ఉకారపు కొమ్ము (ు) మూడో బైటు 81. పొల్లు (్) మూడో బైటు 8డి. ఏ, ఐ, ఝ మిగతా మూడింటి మీద పడతాయి, అరసున్న మళ్లీ 81. మైఎస్‌క్యూఎల్ తన లాటిన్1లో ఆ అయిదింటినీ అలాగే దాచిపెడుతుంది. ఐకాన్వ్‌కు ఆ మొహమాటం లేదు. పొల్లు లేకుండా తెలుగులో వత్తు లేదు, కొమ్ము లేకుండా బహువచనమే లేదు. సరిగ్గా ఆ రెండే పోయాయి.

మార్చిన పద్ధతి:

1. పాత డేటాబేసు ఎగుమతి ఫైలును (డంపు) ల్యాప్‌టాప్‌లోని మరియాడీబీలోకి (మైఎస్‌క్యూఎల్ లాంటిదే), పట్టికలు లాటిన్1గానే ఉంచి, ఎక్కించాను.
2. పీడీఓతో దానికి కనెక్టయ్యేటప్పుడు క్యారెక్టర్ సెట్ లాటిన్1 అని ఇచ్చాను. రెండు వైపులా ఒకటే అయితే మార్పిడి జరగదు, బైట్లు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి.
3. ప్రతి విలువనూ పీహెచ్‌పీలోని ఎంబీ చెక్ ఎన్‌కోడింగ్ ఫంక్షనుతో సరైన యూటీఎఫ్-8 అవునా కాదా అని పరీక్షించాను.
4. సరైనదైతే ఎస్‌క్యూలైట్‌లోకి, కాకపోతే విడి ఫైల్లోకి.

ఫైలు బాధ లేదు, ఐకాన్వ్ లేదు. మొత్తం 60 లైన్ల స్క్రిప్టు.

మొదటిసారి నడిపితే పుస్తకాల పట్టిక ఒక్కదానికే 7 నిమిషాల 10 సెకన్లు పట్టింది. ప్రతి ఇన్సర్టూ విడి లావాదేవీ (ట్రాన్సాక్షను) అవుతోంది, ప్రతి దానికీ డిస్కు మీద రాసి ఖాయం చేసుకుంటోంది. పైగా నాది పాత తిరిగే డిస్కు. అన్నిటినీ ఒకే ట్రాన్సాక్షనులో పెడితే ఒక సెకను కూడా పట్టలేదు. ఈ వేగం ఎందుకు ముఖ్యమంటే, ఆ తర్వాత ఈ స్క్రిప్టును 40 సార్లకు పైగా నడిపాను.

పట్టికలు తయారు చేసేటప్పుడు ఇంకో తప్పు చేశాను, అది బయటపడింది మాత్రం చాలా ఆలస్యంగా. యాక్సెషన్ నంబరు (లైబ్రరీలో చేరిన వరసలో పుస్తకానికి ఇచ్చే సంఖ్య), వర్గ సంఖ్య కాలమ్‌లకు రకం 'స్ట్రింగ్' అని రాశాను. ఎస్‌క్యూలైట్‌లో ఆ పేరుకు అక్షరాలన్న అర్థం లేదు. తనకు తెలియని పేరు కనిపిస్తే దాన్ని సంఖ్యల కాలమ్‌గా లెక్కేస్తుంది. 00417 కాస్తా 417 అయింది, విజ్ఞాన సర్వస్వాల 030 వర్గం 30 అయింది. తెలుగు సాహిత్యం 894.827 కాబట్టి దానికేమీ కాలేదు, మా పుస్తకాల్లో ఎక్కువ భాగం అదే కాబట్టి నా కంటికి ఆనలేదు. పైగా 00417 అని వెతికితే దొరుకుతుంది కూడా, పోల్చేటప్పుడు వెతికే మాటను సైతం అదే సంఖ్యగా మార్చుకుంటుంది మరి. పుస్తకాల వీపు మీద అంటించే లేబుళ్లు ప్రింటు తీసినప్పుడు మాస్టారు పట్టుకున్నారు. 'టెక్స్ట్' అని మార్చి మళ్లీ ఎక్కించాను.

ఇప్పటివరకు: 14.5 గంటలు. పోయిన లేబుల్ షీట్లు: 4.

దశ 4: తెగిన పేర్లు

విడి ఫైల్లోకి 88 పుస్తకాల పేర్లు వచ్చి పడ్డాయి. అన్నీ చివరి అక్షరం సగంలో తెగినవే.

పేరు కాలమ్ వెడల్పు 100. లాటిన్1లో 100 అంటే 100 బైట్లు. తెలుగులో ఒక్కో కోడ్‌పాయింటుకు (యూనికోడ్ విడిగా లెక్కపెట్టే గుర్తు) 3 బైట్లు, గుణింతానికి విడిగా 3, పొల్లుకు విడిగా 3. 'ఆంధ్ర మహాభారతం' అన్న మాటలో కంటికి కనిపించేవి ఏడక్షరాలు, లోపల మాత్రం 40 బైట్లు. కాస్త పొడుగు పేరు వచ్చిందంటే 100 దాటిపోతుంది. పాత మైఎస్‌క్యూఎల్ స్ట్రిక్ట్ మోడ్ (పట్టని విలువను తిరస్కరించే అమరిక) లేకపోతే ఎర్రరు ఇవ్వదు. హెచ్చరిక ఒకటి తనలో తాను గొణుక్కుని, మిగతాది కత్తిరించి దాచుకుంటుంది.

88 దిద్దితే అయిపోతుందనుకుంటున్నప్పుడు, 100వ బైటు సరిగ్గా అక్షరం చివర పడితే ఆ పేరు పరీక్షకు దొరకదు కదా అనిపించింది. సరిగ్గా 100 బైట్లు ఉన్న పేర్లన్నీ లెక్కపెట్టాను.

- సరిగ్గా 100 బైట్లు ఉన్నవి: 143
- సగం అక్షరం దగ్గర తెగినవి: 88
- చూడ్డానికి బాగానే ఉన్నా తెగినవి: 51
- నిజంగానే 100 బైట్ల పేర్లు: 4

అంటే 139 పేర్లు బాగుచేయాలి. దీనికి ప్రోగ్రాము లేదు, పోయిన బైట్లు ఎక్కడా లేవు. ఇందులో అసలు నష్టం ఏమిటంటే, సంపుటం సంఖ్య ఎప్పుడూ పేరు చివరే ఉంటుంది, ముందు తెగేది అదే. ఒక భాగవతం సెట్టులో అయిదు సంపుటాలకూ కంప్యూటరులో ఒకటే పేరు. మూడోది కావాలని అడిగినవాళ్లకు పద్నాలుగేళ్లుగా ఏది చేతికొస్తే అది ఇచ్చారన్నమాట.

మాస్టారు చేతిరాత యాక్సెషన్ రిజిస్టరు తీశారు. ఆయన చదవడం, నేను టైపు చేయడం. కొన్నిటికి రిజిస్టరులోనూ 'పై విధముగా' అన్న చుక్కలే ఉన్నాయి, అప్పుడు బీరువా దగ్గరికి వెళ్లి చూశాం. ఎనిమిది సాయంత్రాలు పట్టింది.

ఇక్కడ ఒక్కటి మాత్రం సరిగ్గా చేశాను. దిద్దుబాట్లు నేరుగా డేటాబేసులో చేయలేదు. యాక్సెషన్ నంబరు, సరైన పేరు, ఈ రెండే ఉన్న ఫైలు ఒకటి పెట్టుకుని, ఎక్కించే స్క్రిప్టు చివర్లో దాన్ని వర్తింపజేశాను. నేరుగా దిద్ది ఉంటే, లేబుళ్ల గొడవ తర్వాత మళ్లీ ఎక్కించినప్పుడు ఆ శ్రమంతా పోయేది.

ఇప్పటివరకు: 30.5 గంటలు. దిద్దినవి 128, మిగిలినవి 11.

దశ 5: ఆ 214 పిలుపులు

దీనికే ఎక్కువ టైము పడుతుందని మొదట్లో టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే 7 గంటల్లో అయిపోయింది. కనెక్షను ఒక్క ఫైల్లోకి తెచ్చి, మిగతా చోట్ల ప్రిపేర్, ఎగ్జిక్యూట్ పెట్టుకుంటూ పోయాను. పాత కోడులో ఎస్కేప్ ఫంక్షను 214లో 19 చోట్లే ఉంది. మిగతా చోట్ల వెతికే పెట్టెలో ఏం కొడితే అది సూటిగా క్వెరీలోకి పోయేది. ఎవరూ ఏమీ చేయలేదంటే మా ఊరివాళ్ల మంచితనం.

ఆగిన చోట్లు మాత్రమే రాస్తాను.

1. ఏం వెతికినా 'పుస్తకాలు దొరకలేదు' అని వచ్చింది. పాత కోడు ఎన్ని వరసలొచ్చాయో ముందు అడిగి, సున్నా అయితే ఆ మాట చూపిస్తుంది. దాని బదులు పీడీఓలోని రోకౌంట్ పెట్టాను. ఎస్‌క్యూలైట్‌లో సెలెక్ట్ క్వెరీకి రోకౌంట్ సున్నాయే ఇస్తుంది. వరసలన్నీ తెచ్చుకుని వాటిని లెక్కపెట్టాలి.
2. మాటలో ముక్కను వెతికే లైక్ క్వెరీలో శాతం గుర్తుల మధ్య, కోట్లలోపల ప్రశ్నార్థకం పెట్టాను. కోట్లలోపల అది ఉత్త ప్రశ్నార్థకమే. శాతం గుర్తులు పంపే విలువలో ఉండాలి.
3. ఒక సభ్యుణ్ణి తీసేస్తే అతని పేరు మీద ఉన్న పుస్తకాల లెక్క అనాథగా మిగిలింది. ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీ పరిశీలన (ఒక పట్టికలోని వరసకు ఇంకో పట్టికలో జత ఉందా అని చూడడం) మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. కనెక్టయిన ప్రతిసారీ ప్రాగ్మా అనే సెట్టింగు కమాండుతో ఆన్ చేయాలి, ఒకసారి చేసి వదిలేస్తే చాలదు.
4. గడువు దాటిన పుస్తకాల జాబితా తెల్లవారుజామున 5 గంటలకు తయారవుతుంది. అందులో ఎప్పుడూ ఒక రోజు వెనక తేదీ ఉంటోంది. ఎస్‌క్యూలైట్ 'ఈరోజు' అంటే యూటీసీ (మనకన్నా అయిదున్నర గంటలు వెనకున్న ప్రపంచ ప్రామాణిక సమయం) ఈరోజు, మన 5 గంటలకు అక్కడ నిన్న రాత్రి పదకొండున్నర. తేదీని పీహెచ్‌పీలోనే కోల్‌కతా టైమ్‌జోనుతో లెక్కకట్టి క్వెరీకి ఇస్తున్నాను.

ఇప్పటివరకు: 37.5 గంటలు. మిగిలిన పాత పిలుపులు: 0.

దశ 6: వెతుకులాట

లైక్‌తో వెతికితే 9 మిల్లీసెకన్లు. ఇన్ని పుస్తకాలకు వేగం సమస్యే కాదు. సమస్య ఏమిటంటే 'కల' అని కొడితే 'కలం', 'సకల', 'వికలాంగ' అన్నీ వస్తాయి. రచయిత పేరు, పుస్తకం పేరు కలిపి కొడితే ఏదీ రాదు. అందుకని ఎస్‌క్యూలైట్‌లోనే ఉన్న ఎఫ్‌టీఎస్5 (మాటలవారీగా వెతికే సదుపాయం) వాడదామనుకున్నాను.

పట్టిక కట్టి 'కాలం' అని వెతికాను. 'కూలి', 'కీలు', 'కాలు' అన్నీ వచ్చాయి. కాసేపు నవ్వుకున్నాను, తర్వాత భయమేసింది.

ఎఫ్‌టీఎస్5 మాటల్ని విడగొట్టే పద్ధతి పేరు యూనికోడ్61. అక్షరాలు, అంకెలు అన్న తరగతులే మాటలో భాగమని అది అనుకుంటుంది. మన గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న యూనికోడ్ లెక్కలో ఆ తరగతుల్లో లేవు, వాటి తరగతులు ఎంఎన్, ఎంసీ (అక్షరానికి తగిలే గుర్తులు). కాబట్టి దాని దృష్టిలో అవన్నీ ఖాళీ జాగాలతో సమానం. 'కాలం' అంటే దానికి 'క', 'ల' అనే రెండు మాటలు. 'కూలి' అన్నా అవే రెండు మాటలు. 'పుస్తకం' అంటే 'ప', 'స', 'తక'. దశ 3లో నేను చేతులారా చేసిన పనే ఇది తన పద్ధతిలో తాను చేస్తోంది.

పట్టిక కట్టేటప్పుడు క్యాటగిరీస్ అనే ఆప్షనుంది (3.25 నుంచి). అందులో మామూలు ఎల్, ఎన్, సీఓ తరగతులతో పాటు ఎంఎన్, ఎంసీ కూడా రాస్తే సరిపోయింది. తెలుగే కాదు, హిందీ, తమిళం, కన్నడం దేనికైనా ఇది కావాలి.

ఆ పైన మూడు చిన్న మార్పులు:

1. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల మధ్య కంటికి కనబడని జెడ్‌డబ్ల్యూఎన్‌జే అక్షరం ఉంటుంది. కొందరు కొడతారు, కొందరు కొట్టరు. వెతికే పట్టికలోనూ, వెతికే మాటలోనూ రెండు వైపులా తీసేశాను.
2. మాట చివర సున్న ఉంటే తీసేసి నక్షత్రం గుర్తు పెడుతున్నాను. 'పుస్తకం' అని కొడితే 'పుస్తక'తో మొదలయ్యేవన్నీ వస్తాయి, కాబట్టి 'పుస్తకాలు' కూడా దొరుకుతుంది. 'రంగం' అని కొడితే రంగారావు గారు కూడా వస్తారు. రానివ్వండి.
3. వెతికే మాటను డబుల్ కోట్లలో పెట్టి పంపాలి. లేకపోతే మధ్యలో హైఫను కొట్టినా ఎఫ్‌టీఎస్ సింటాక్స్ ఎర్రరు ఇస్తుంది.

అకారాది వరస గురించి కూడా కాస్త తవ్వాను. యూనికోడ్‌లో 'ళ' అనేది 'ల' పక్కనే ఉంటుంది, మన అక్షరమాలలో 'హ' తర్వాత. వరస కాస్త తప్పుతుంది. మా దగ్గర 'ళ'తో మొదలయ్యే పుస్తకం ఒక్కటీ లేదు కాబట్టి మాస్టారు ఒప్పుకున్నారు.

ఇప్పటివరకు: 43.5 గంటలు.

దశ 7: సర్వరు మీద

పైకి ఎక్కించగానే చూడ్డానికి అన్నీ పనిచేశాయి, రాయడం మాత్రం కాలేదు. డేటాబేస్ ఫైలుకు రాసే అనుమతి ఇచ్చాను, అది ఉన్న ఫోల్డరుకు ఇవ్వలేదు. ఎస్‌క్యూలైట్ పక్కనే జర్నల్ ఫైలు సృష్టించుకోవాలి, అందుకని ఫోల్డరుకూ అనుమతి ఉండాలి. ఆ ఫోల్డరు మాత్రం వెబ్ రూటుకు బయట ఉండాలి. లోపల పెడితే చిరునామా ఊహించిన ఎవరైనా సభ్యుల ఫోన్ నంబర్లతో సహా ఫైలంతా దించుకోవచ్చు. మొదటి రోజు గంటసేపు నేను లోపలే పెట్టాను, అప్పటికింకా ఉత్తుత్తి డేటాయే ఉంది.

సాయంత్రం ఆరింటికి కౌంటరు దగ్గర ఇద్దరూ ఒకేసారి రాస్తుంటే ఒకరి తెర తిరుగుతూ ఉండిపోయింది. పాత కోడు ట్రాన్సాక్షను మొదలుపెట్టి, లోపలే సభ్యుడికి మెయిల్ పంపి, ఆ తర్వాత ముగిస్తోంది. మెయిలుకు 8 సెకన్లు పట్టింది. మైఎస్‌క్యూఎల్‌లో లాక్ ఆ వరస వరకే ఉండేది కాబట్టి తెలియలేదు. ఎస్‌క్యూలైట్‌లో ఒకరు రాస్తుంటే రెండోవారు ఆగాల్సిందే. మెయిల్‌ను ట్రాన్సాక్షను బయటికి తెచ్చి, వాల్ మోడ్ (కొత్త రాతలు ముందు పక్క ఫైల్లోకి వెళ్లే పద్ధతి) ఆన్ చేశాను.

అయినా ఒకటి రెండుసార్లు 'డేటాబేస్ లాక్ అయింది' అన్న ఎర్రరు వెంటనే వచ్చింది, ఎదురు చూడకుండా. పీడీఓ మొదలుపెట్టే ట్రాన్సాక్షను ముందు చదివే హక్కే తీసుకుంటుంది. చదివాక రాయబోయేసరికి మధ్యలో ఇంకొకరు రాసేసి ఉంటే ఇక ఎదురు చూసి లాభం లేదని వెంటనే ఎర్రరు ఇస్తుంది. రాసే పనులకు బిగిన్ ఇమ్మీడియట్ (రాసే హక్కును మొదట్లోనే తీసుకునేది) అని ఎగ్జెక్‌తో పంపి, కమిట్ కూడా ఎగ్జెక్‌తోనే చేస్తున్నాను. మూడు వారాలుగా ఆ ఎర్రరు రాలేదు.

బ్యాకప్ కోసం రాత్రిపూట ఫైలు కాపీ చేసే క్రాన్ (వేళకు దానంతట అదే నడిచే పని) పెట్టాను. ఓ రోజు ఆ కాపీ తెరిచి చూస్తే ఆ సాయంత్రం ఇచ్చిన పుస్తకాలు అందులో లేవు. వాల్ మోడ్‌లో కొత్త రాతలు పక్కనున్న వాల్ ఫైల్లో ఉంటాయి, నేను కాపీ చేసింది అసలు ఫైలు ఒక్కటే. ఇప్పుడు డేటాబేసంతా కొత్త ఫైల్లోకి రాసే వాక్యూమ్ ఇన్‌టూ కమాండుతో తీస్తున్నాను, వారానికోసారి ఆ కాపీని ల్యాప్‌టాప్‌లో తెరిచి వరసలు లెక్కపెడుతున్నాను.

ఇప్పటివరకు: 47.5 గంటలు. ఇందులో కోడు మార్చడానికి 7, అక్షరాలకూ తెగిన పేర్లకూ కలిపి 25.

మిగిలిన 11 పేర్లలో రెండు ఈ ఆదివారం దొరికాయి, తప్పు బీరువాలో ఉన్నాయి. తొమ్మిది పుస్తకాలు ఎవరి ఇళ్లలో ఉన్నాయో గడువు దాటిన జాబితా చెబుతోంది. మాస్టారు ఫోన్లు చేస్తున్నారు.